పరకాల నేర్పిన పాఠము

1947 ఆగస్టు 14వ తేదీ అర్ధరాత్రి ఢిల్లీ నగరమున జరిగిన స్వాతంత్ర్యోత్సవమును దేశము రేడియోల చెంత కూర్చుండి ఆలకించినది. మరునాటి ఉదయమున మదరాసు, బెజవాడ, గుంటూరు వీథులలో త్రివర్ణపతాకములు రెపరెపలాడినవి. కాని అదే తెలుగు మాటలాడు జనము, కృష్ణకు ఆవలి గట్టున, ఆ వార్తను విని జయధ్వానము చేసినచో చెరసాలకు పోవలసిన స్థితిలో నుండిరి. వారు హైదరాబాదు సంస్థాన ప్రజలు. సుమారు 82 వేల చదరపు మైళ్ళ వైశాల్యము గల ఆ సంస్థానమున, 1941వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము, కోటి 60 లక్షలకు మించిన జనము నివసించుచుండిరి. ఇంగ్లీషువారు వెడలిపోయిన పిదప తాము స్వతంత్రులగుదుమని నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను 1947 జూను మాసముననే ప్రకటించియుండిరి. భారత పతాకమును సంస్థానమున ఎగురవేయుట నేరమని ఆజ్ఞ వెలువడినది. ఆగస్టు 15వ తేదీన స్టేటు కాంగ్రెసు అధ్యక్షులు స్వామి రామానందతీర్థ నిర్బంధితులైరి.

ఆ దినమునకు సరిగా పదునెనిమిది దినములు గడచిన పిదప జరిగిన యొక సంఘటనను గూర్చి ఈ ప్రసంగమున మేము ముచ్చటింప దలచినాము. దాని స్థలము పరకాల. నేడు హనుమకొండ జిల్లాలో నున్న ఈ పట్టణము నాడు కరీంనగరు జిల్లాలో ఒక తాలూకా కేంద్రము. చుట్టుప్రక్కల పల్లెల రైతులు, నేతవారు, కూలివారు కచేరి పనులకును, సరకుల బేరములకును వచ్చి పోవుచుండు చిన్న ఊరు. పెద్ద నగరముల చరిత్ర వ్రాయువారి కంట సాధారణముగ పడని ఊరు.

1947 సెప్టెంబరు 2వ తేదీన ఈ ఊరికి పరిసర గ్రామముల నుండి జనము తరలి వచ్చిరి. వారి సంఖ్య సుమారు 1,500. స్టేటు కాంగ్రెసు పిలుపు ననుసరించి జాతీయ పతాకమును ఎగురవేయుట వారి సంకల్పము. రాజ్యాంగ సభ ఆ పతాకమును ఆమోదించినది జూలై 22వ తేదీన. అనగా నలుబది రెండు దినముల వయస్సు గల జెండా అది. దానిని అంతకు మున్ను కన్నులార చూడనివారే ఆ గుంపులో నెక్కువమంది అయియుందురు. వారిపై నిజాము పోలీసులును, రజాకారులును తుపాకులు పేల్చిరి. ఆ దినమున అమరులైనవారు 22 మంది అనియు, గాయపడినవారు 150 మందికి పైబడినవారనియు పరకాల చరిత్ర చెప్పుచున్నది. సమీపముననున్న రంగాపురమున ముగ్గురిని చెట్టునకు కట్టి కాల్చి చంపిరి. జలియన్‌వాలా బాగుతో పోల్చి ఈ సంఘటనను దక్షిణ జలియన్‌వాలా బాగని జనులు పిలుచుచుందురు.

ఇట్టి సంఘటనను చెప్పుకొన్నపుడెల్ల మన నోట అలవాటుగ వెలువడు మాట యొకటి కలదు: త్యాగము వృథా పోదని. మాట మంచిదే. కాని దానిని ఆ దినమున కొడుకును కోల్పోయిన తల్లి ముందు నిలిచి చెప్పగలమా యని మమ్ము మేము ప్రశ్నించుకొన్నాము. ప్రొద్దున గంజి త్రాగి ఇల్లు వెడలిన మనిషి సాయంకాలమునకు శవమై వచ్చిన ఇంటిలో, ఆ దుఃఖమునకు ఏ అర్థమును కనబడదు. తుపాకి గుండులో అర్థము లేదు. అర్థమన్నది బాధలోనే దాగియుండి మనకు దొరకునది కాదు. బాధను మోసినవారును, వారి వెనుక మిగిలినవారును తమ నడవడిచేత దానికి అర్థమును కల్పింతురు. పరకాల చరిత్రను చదువగా మాకు తోచినది ఇదియే.

నాటి జనము తాలూకా కచేరి గల ఊరిలో, సాయుధులైన వారి యెదుట, నిషిద్ధమైన జెండాను పట్టుకొని నిలిచిరి. ఈ ధైర్యము ఒక్క ప్రొద్దున మొలకెత్తినది కాదు. దాని వేళ్ళు యాభై యేండ్ల వెనుకకు పోవును. సంస్థానమున రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. తెలుగు చదువదలచినవానికి పాఠశాలకంటె గ్రంథాలయమే ఆశ్రయమైనది. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. సభ జరుపుకొనవలెనన్న ప్రభుత్వానుమతి కావలెనని గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు శాసించెను. ఆ శాసనము నీడలోనే 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జోగిపేటలో ఆంధ్రమహాసభ సమావేశమైనది. 1938లో స్టేటు కాంగ్రెసు పుట్టకమునుపే నిషేధింపబడినది. ఆ నిషేధము తొలగినది 1946లో.

పుస్తకము పట్టిన చేయి, వినతిపత్రము వ్రాసిన చేయి, చివరకు జెండాకఱ్ఱను పట్టిన చేయి వేరు వేరు కావు. కష్టకాలమున మనిషికి ఆధారమగు ధైర్యము సుఖకాలమున కూడబెట్టుకొన్న ధాన్యము వంటిది. గాదె నిండియున్న ఇల్లు కరవునకు తట్టుకొనును. తెలంగాణ పల్లెలు పఠనాలయములలోను, సభలలోను ఆ గాదెను మెల్లమెల్లగ నింపుకొనినవి.

పరకాలకు ముందే ఓరుగల్లు సీమ జెండాకు ప్రాణము మూల్యముగ చెల్లించినది. 1946 ఆగస్టు 11వ తేదీన వరంగల్లు కోటలో జెండావందనము జరిగిన దినముననే రజాకారులు బత్తిని మొగిలయ్యను హత్యచేసిరి. ఆ హత్యానంతరము కాళోజీ నారాయణరావుగారు నగర బహిష్కార శిక్షకు గురియైరి. అదే సంవత్సరము జూలై 4వ తేదీన జనగామ తాలూకా కడవెండిలో దొరల గూండాల తుపాకికి దొడ్డి కొమరయ్య బలియైనాడు. కనుక 1947 సెప్టెంబరున పరకాలకు నడచి వచ్చినవారు ప్రమాదమెరుగని అమాయకులు కారు. ఏమి జరుగవచ్చునో వారికి తెలియును. తెలిసియు వచ్చిరి. వారిని అందరినీ వీరులని పిలిచి ఎత్తైన పీఠముపై కూర్చుండబెట్టుట సులభము. కాని వారు మనవంటి సామాన్యులనియు, భయము గలవారనియు, ఇంటివద్ద పసిపిల్లలు గలవారనియు గ్రహించినపుడే వారి రాకలోని విలువ మనకు తెలియును.

ఈ సందర్భమున దూరదేశపు వైద్యు నొకనిని స్మరించుట అప్రస్తుతము కాదు. వియన్నా నగరమునకు చెందిన విక్టర్ ఫ్రాంకెల్ మనోవైద్యుడు, యూదుడు. హిట్లరు పాలనలో 1942 మొదలు 1945 వరకు నిర్బంధ శిబిరములలో గడపినవాడు. తలిదండ్రులను, అన్నను, భార్యను కోల్పోయి బయటపడినవాడు. తన అనుభవములను 1946లో, అనగా మన వరంగల్లు కోటలో మొగిలయ్య నేలకొరిగిన యేటనే, గ్రంథముగ ప్రకటించెను. ఆయన చెప్పిన దానిని మా మాటలలో చెప్పవలెనన్న ఇట్లుండును. మనుష్యునికి బ్రతుకులో అర్థము మూడు మార్గముల దొరకును: చేయు పని వలన, ప్రేమించు మనుష్యుని వలన, తప్పించుకొనరాని బాధను ఎదుర్కొను తీరు వలన. సర్వమును హరించినను, ఆ తీరును ఎన్నుకొను స్వేచ్ఛను మాత్రము ఎవరును హరింపజాలరు.

ఆయన మరియొక హెచ్చరికయు చేసియున్నాడు. అర్థము దొరకుటకు బాధ తప్పనిసరి కాదు. తప్పింపదగిన బాధను తప్పించుటయే ముందు చేయవలసిన పని. నివారింపగల కష్టమును ఓర్చుకొని కూర్చుండుట సహనము కాదు. ఈ మాటను మన దేశమున మరింత గట్టిగ చెప్పుకొనవలసి యున్నది. తలవ్రాత యని, పూర్వజన్మ కర్మ యని తల వంచుకొనుట మనకు చిరకాలపు అలవాటు. పరకాల జనము తలవ్రాత యని ఊరకుండినవారు కారు. వెట్టిచాకిరి, నోరు మెదపనీయని శాసనములు మనుష్యులు కల్పించిన బాధలనియు, మనుష్యులే వాటిని తొలగింపగలరనియు వారు నమ్మిరి. ఆ పూనికలో వారికి వేరొక బాధ ఎదురైనది. దానిని తప్పించుకొన వీలుండినను వారు తప్పించుకొనలేదు.

చెరసాలలోను ఈ సత్యము కనబడినది. మానుకోట ప్రాంతమున చిన్నగూడూరులో 1925లో జన్మించిన దాశరథి కృష్ణమాచార్యులు యౌవనమున నిజాము కారాగారము పాలై, నిజామాబాదు కోటలోని జైలునందు వట్టికోట ఆళ్వారుస్వామితో కలిసి నిర్బంధమును అనుభవించిరి. కాగితమును, కలమును లేని చోట దాశరథి బొగ్గుముక్కతో గోడమీద పద్యములు వ్రాసిరి. 1949లో వెలువడిన తమ మొదటి కావ్యము 'అగ్నిధార'ను ఆ చెరసాల మిత్రునికే అంకితమొనర్చిరి. ఆళ్వారుస్వామి ఆ జైలునందు తనతో నుండిన సామాన్య ఖైదీల బ్రతుకులను గమనించి 'జైలు లోపల' అను కథలను వ్రాసిరి. ఒకరు తన బాధను పద్యముగ మలచిరి, మరియొకరు ఎదుటివాని బాధను వినిరి. చెర రెండు విధముల పనిచోటైనది. ఫ్రాంకెల్ పేరు వినకయే వారు ఆ మార్గమున నడచిరి.

కాని కవులకు కలముండును. పరకాలలోని ఇల్లాండ్రకు ఏముండెను? మనము చరిత్ర చెప్పునపుడు సెప్టెంబరు 2వ తేదీనాటి తుపాకుల మ్రోతతో కథను ముగించుచుందుము. ఆ ఇండ్లలో కథ అక్కడనే ఆరంభమైనది. మృతులకు దహనసంస్కారములు జరుగవలెను. గాయపడినవారికి కట్లు కట్టవలెను. వానకాలపు పైరు పొలమున నున్నది, కలుపు తీయవలెను. పశువులకు మేత వేయవలెను. ఏడ్చుటకు తీరిక లేని పనులవి. ఆ పనులే వారిని నిలబెట్టినవేమో యని మాకు తోచును. నెలన్నర గడువకమునుపే బతుకమ్మ పండుగ వచ్చినది. తెలంగాణమున స్త్రీలు పూవులు పేర్చి, చప్పట్లు చరచుచు పాడుకొను ఆ పాటలలో దేవతల కథలతో పాటు ఊరివారి కథలును, పోయినవారి కథలును ఉండును. బ్రతుకు అను మాటనే పేరులో నిలుపుకొన్న పండుగ అది. ఆ యేడు తంగేడు పూలు కోయుటకు వెళ్ళిన చేతులలో కొన్నిటికి గాజులు లేవన్న సంగతిని ఊహించుట కష్టము కాదు.

ఆ పిమ్మట ఒక సంవత్సరకాలము సంస్థాన మంతయు భయముతో నిండెను. 1947 నవంబరు 29వ తేదీన యథాతథపు ఒడంబడిక కుదిరినను పల్లెలకు శాంతి కలుగలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వమున రజాకారుల దౌర్జన్యములు పెరిగినవి. వేలకొలది కుటుంబములు సరిహద్దులు దాటి బెజవాడ, చాందా, షోలాపురము వంటి చోట్ల తలదాచుకొన్నవి. 1948 ఆగస్టు 27వ తేదీన బైరాన్‌పల్లిలో పెక్కుమంది గ్రామస్థులు హతులైరి. తుదకు సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యములు సంస్థానమున ప్రవేశించినవి. 17వ తేదీ సాయంకాలమున నిజాము హైదరాబాదు రేడియోలో మాటలాడి, తమ సైన్యము పోరాటమును విరమించిన సంగతిని ప్రకటించిరి. జెండా నేరమన్న ప్రభుత్వపు అధిపతి గొంతే ఆ కథకు ముగింపును వినిపించినది. పరకాల సంఘటనకు అప్పటికి ఒక సంవత్సరము పదునైదు దినములు.

మా ప్రసంగము ఇచట ముగిసినచో వినువారికి హాయిగనుండును. చెడు ఓడినది, మంచి గెలిచినది అని రేడియో కట్టివేసి నిద్రింపవచ్చును. కాని చరిత్రకు మరియొక పుట కలదు. దానిని దాచినచో పరకాల అమరులకు మేలు చేసినవారము కాము. రజాకారులు ముస్లిములు గనుక ముస్లిములందరును రజాకారులే యని తలచినవారు నాడు కొందరుండిరి. సంస్థానము భారతదేశమున చేరవలెనని తన 'ఇమ్రోజ్' పత్రికలో నిర్భయముగ వ్రాసి, 1948 ఆగస్టున హైదరాబాదు వీథిలో హంతకుల చేతులలో ప్రాణములు కోల్పోయిన షోయబుల్లాఖాను ముస్లిమే. సైనికచర్య ముగిసిన పిదప ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముఖ్యముగ, నిరపరాధులైన ముస్లిములు పెద్దసంఖ్యలో ప్రతీకారమునకు బలియైరి. భారత ప్రభుత్వము పంపిన పండిత సుందరలాలు సంఘము 1948 నవంబరు, డిసెంబరు మాసములలో ఆ ప్రాంతములలో పర్యటించి, తక్కువలో తక్కువ 27 వేలనుండి 40 వేలవరకు జనము మరణించిరని అంచనా వేసినది. ఆ నివేదిక సామాన్యజనుల చేతికందుటకు 2013వ సంవత్సరము వరకు వేచియుండవలసి వచ్చెను.

ఈ సంగతిని చెప్పుట పరకాల దుఃఖమును తగ్గించుటకు కాదు. ఒక తల్లి కన్నీటిని మరియొక తల్లి కన్నీటితో తూచుట తగదు. బాధ మనుష్యుని రెండు దారుల కూడలిలో నిలుపును. నాకు కలిగినది మరియొకనికి కలుగరాదను దారి యొకటి. నాకు కలిగినది వానికిని కలుగవలెనను దారి రెండవది. రెండవదారిన పోయినవాడు తన బాధకు అర్థమును చేకూర్చలేదు, దానిని మరియొకని యింటికి మోసికొనిపోయినాడు, అంతియే. పరకాలకు నడచి వచ్చినవారు చేత పట్టుకొనివచ్చినది జెండా. ఆ జెండా ఏ యొక్క మతమువారిదియు కాదు. వారి స్మృతిని ద్వేషమునకు ఇంధనముగ వాడుట వారు పట్టిన జెండాకే విరుద్ధము.

స్మృతిని గూర్చియు ఒక మాట. అమృతసరమున జలియన్‌వాలా బాగులో 1919 ఏప్రిలు 13వ తేదీన కాల్పులు జరిగినవి. ప్రభుత్వ లెక్కప్రకారమే మృతులు 379 మంది. ఆ మరుసటి యేడే జాతీయ నాయకులు చందాలు పోగుచేసి ఆ స్థలమును కొనిరి. 1961లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు అచట స్మారకమును ఆవిష్కరించిరి. పరకాలలో అమరధామము వెలసినది 2003లో. సంఘటనకు, స్మారకమునకు నడుమ 56 సంవత్సరములు. నేడు అచటికి వెళ్ళినవారు నాటి ఘట్టమును శిల్పములలో చూడగలరు. ఆ యేబది ఆరేండ్లు ఆ స్మృతి ఎచట నుండెను? రాతిలో లేదు. పాఠ్యపుస్తకములలో నున్నది స్వల్పము. అది ఇండ్లలో నుండెను. అవ్వ మనుమనికి చెప్పగా, మనుమడు తన బిడ్డకు చెప్పగా నిలిచినది. దుఃఖమును నోరువిప్పి చెప్పుకొనగల ఇల్లు, వినగల చెవి యున్నంతకాలము మనిషి ఒంటరి కాడు. ఓర్పునకు మొదటి మెట్టు ఇదియేనని మా నమ్మకము.

శ్రోతలలోను, ఈ పుటను చదువువారిలోను తుపాకిగుండ్లను ఎదుర్కొనవలసినవారు అరుదు. కాని రోగము, మరణము, అప్పు, పంట నష్టము, బిడ్డల యెడబాటు ఏ యింటికి రావు? వచ్చినపుడు 'ఇది నాకే ఎందుకు వచ్చినది?' అని అడుగుట సహజము. ఆ ప్రశ్నకు సమాధానము దొరకదు. పరకాల మనకు నేర్పునది ప్రశ్నను మార్చుకొనుట: 'ఇది వచ్చినది, ఇప్పుడు నేను చేయవలసినదేమి?' అని. ఆ సమాధానము పెద్దది కానక్కరలేదు. పొలములో కలుపు తీయుట కావచ్చును. గాయపడినవానికి నీరు అందించుట కావచ్చును. గోడమీద బొగ్గుతో ఒక పాదము వ్రాయుట కావచ్చును. పోయినవారిని గూర్చి పిల్లలకు నిజము చెప్పుట కావచ్చును.

ఓరుగల్లు యాత్రకు పోవువారు వేయిస్తంభముల గుడిని, కోటలోని కీర్తితోరణములను తప్పక చూతురు. వారికి మా మనవి యొక్కటి. ఆ యాత్రలో ఒక పూటను పరకాలకు కేటాయింపుడు. పిల్లలను వెంట తీసికొని పొండు. అమరధామపు శిల్పముల యెదుట నిలిచి, ఇచట ఏమి జరిగినదో, అంతకు ముందు ఏమి జరిగినదో, ఆ తరువాత ఏమి జరిగినదో మూడును వారికి చెప్పుడు. ఒక్కటి విడిచినను కథ వంకరపోవును. మూడును విన్న పిల్లవాడు రేపు తన కష్టము ఎదురైనప్పుడు తలవంచడు, మరియొకనికి కష్టము కలిగింపడు. ఆ 22 మందికి మనము చెల్లింపగల ఋణము ఇంతకన్న వేరొకటి లేదు.